గెర్షోన్ చెప్పని వాదన

మా ఇంట్లో శనివారం మధ్యాహ్నం ఒక పోట్లాట జరగకపోతే తిన్నది అరిగేది కాదు. పోట్లాడుకునేది నేనూ నా మొగుడూ కాదు. మా ఆయన ఎల్హనాన్, అతని స్నేహితుడు గెర్షోన్. ఇద్దరూ ప్రొఫెసర్లుగా రిటైరైనవాళ్ళే, ఎల్హనాన్‌ది చరిత్ర, గెర్షోన్‌ది న్యాయశాస్త్రం. ముప్ఫై ఏళ్ళ కిందట గలిలయ కొండల్లో గివత్ హరూవ్ అనే ఈ చిన్న ఊరిని కట్టుకున్నవాళ్ళలో ఇద్దరూ ఉన్నారు. అప్పటినుంచీ ప్రతి శనివారం మా వరండాలో పాత ధర్మగ్రంథం ఒకటి మధ్యన పెట్టుకుని కూర్చుంటారు. చదివేది నాలుగు వాక్యాలు, అరుచుకునేది చీకటి పడేదాకా.

ఇలా జంటగా కూర్చుని చదవడం మా యూదుల్లో మామూలే. వీళ్ళిద్దరికీ మాత్రం పైన ఇంకో నియమం ఉంది. మా పాత పండితుల్లో ఒక వర్గంవాళ్ళు తమ మాట చెప్పేముందు అవతలివాళ్ళ మాట చెప్పేవాళ్ళట. వీళ్ళు దాన్ని ఇంకాస్త ముదరబెట్టారు. ఎవరైనా సరే ముందు అవతలివాడి వాదన వినిపించాలి. అదీ 'నువ్వంటున్నావు' అని కాదు, 'నేనంటున్నాను' అని. అవతలివాడు 'ఔను, ఇది నా మాటే' అని తల ఊపితేనే తన వాదన ఎత్తుకోవాలి. ఊపకపోతే మళ్ళీ మొదటికే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి ఎవరిది ఏ పక్షమో బోధపడక తల తిరిగిపోయేది. నాకు అలవాటైపోయింది.

గెర్షోన్ భార్య పోయినప్పటినుంచీ అతనికి శనివారం భోజనం మా ఇంట్లోనే. నేను బాగ్దాద్‌లో పుట్టినదాన్ని. శనివారమంటే ముందు రాత్రంతా సన్నసెగ మీద కోడీ అన్నమూ కలిసి ఉడకాలి, వాటితోపాటే గుడ్లు గోధుమరంగు తేలాలి. పోలెండువాళ్ళ పిల్లాడైన గెర్షోన్ మొదటిసారి నా మామిడికాయ ఊరగాయ నాలిక మీద పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత్తర్వాత సీసా తన కంచం పక్కన లేకపోతే అన్నం ముట్టడం మానేశాడు.

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పడుతుండగా ఎల్హనాన్ పేపర్లో ఒక వ్యాసం రాశాడు. హైఫాలో తనలాంటి ముసలి ప్రొఫెసర్లు కొందరితో కూర్చుని ఎన్నాళ్ళుగానో తవ్వుకుంటున్న ఆలోచనే. పుట్టినప్పటినుంచీ జియోనిస్టుగా బతికాననీ, యూదులకి తలదాచుకునే చోటు కావాలనుకోవడంలో తప్పు ఇప్పటికీ కనపడదనీ, కానీ అదే నేల మీద పక్కనున్న పాలస్తీనీయుడికి తనతో సమానమైన చట్టం, సమానమైన ఓటు, సమానంగా ఇల్లు కట్టుకునే వీలు లేకపోతే తాను ఇన్నాళ్ళూ కోరుకున్నది హక్కు కాదు, పెత్తనమనీ రాశాడు. జియోనిస్టునని తనని తాను పిలుచుకోవడం ఇక కుదరదన్నాడు.

మర్నాడు నేను కొట్టుకి పాలకోసం వెళితే కొట్టతను చిల్లర ఇస్తూ, "ప్రొఫెసర్ గారింటికి ఇంక తాళాలెందుకులెండి, అంతా అందరిదీనటగా," అన్నాడు.

"తాళం మా ఆయన పారేసి రెండేళ్ళయింది. నువ్వు ఇప్పుడా కనిపెట్టావు?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు గానీ, ఆ నవ్వు మునుపటిలా లేదు.

శనివారం గెర్షోన్ వచ్చాడు. పుస్తకం పక్కకి జరిపి, ఎల్హనాన్ వ్యాసాన్ని ఎల్హనాన్ కంటే చక్కగా, సగం మాటల్లో, 'నేనంటున్నాను' అంటూ ఒప్పజెప్పాడు. ఎల్హనాన్ తల ఊపాడు. అప్పుడు గెర్షోన్ తన మాట ఎత్తుకున్నాడు.

"యుద్ధం అయ్యాక నేను శరణార్థుల శిబిరంలో పుట్టానురా. నన్ను చంకనేసుకుని మా అమ్మ ఎన్ని కాన్సులేట్ల మెట్లెక్కిందో నీకు తెలుసు. ఒక్కడు తలుపు తియ్యలేదు. ప్రపంచం మొత్తమ్మీద ఒక్క చోటు, ఎవరి తలుపూ కొట్టి బతిమాలక్కర్లేని చోటు ఒక్కటుంది మనకి. దాన్ని నువ్వు మళ్ళీ ఓట్లకి పెడదామంటున్నావు. రేపు ఆ ఓటు తేడాగా పడితే మీ ఆవిడ ఊరగాయ సీసా పట్టుకుని ఎక్కడికి పోతావు?"

"ఇంకొకడి తలుపు మూసి నా తలుపు తెరిచి పెట్టుకోవడం ఎన్నాళ్ళురా?"

"ఎన్నాళ్ళైనా. భయం తీరేదాకా."

"భయం అలా తీరదు. పెరుగుతుంది."

"అదిగో, ఇద్దరూ తలుపుల గురించే మాట్లాడుతున్నారు," అన్నాను నేను టీ కప్పులు పెడుతూ. "ఈ వరండా తలుపు నూనె లేక కిర్రుమంటోందని వేసవి మొదలైనప్పటినుంచీ చెబుతున్నాను. ఒక్క మేధావికీ చెవినపడదు."

ఇద్దరూ నవ్వారు. గెర్షోన్ వెళ్ళేటప్పుడు తలుపుకి నూనె కూడా రాసి వెళ్ళాడు. నేను నిశ్చింతగా పడుకున్నాను. మాటల దగ్గర ఆగినంతకాలం వాళ్ళిద్దరి మధ్య ఏ గొడవా ఊరగాయ కంటే కారంగా ఉండదని నా నమ్మకం.

మాటల దగ్గర ఆగలేదు. కొండ కింద కూడలిలో మందుల షాపు ఉంది. నడిపేది రనీన్. ఐన్ తూత్ అనే పాలస్తీనా ఊరి పిల్ల, మా కొండకి ఎదురు కొండే వాళ్ళ ఊరు. మా గివత్ హరూవ్‌లో ఎవరి రక్తపోటు ఎంతో, ఎవరు నిద్రమాత్రలు మింగుతున్నారో, ఎవరు మింగుతున్నామని చెప్పి పారేస్తున్నారో అన్నీ ఆమెకి తెలుసు. నేనంటే ఆమెకి ప్రత్యేకం. నా బాగ్దాద్ అరబ్బీ వింటే ఆమెకి నవ్వాగదు, వాళ్ళ ముసలమ్మలు కూడా వాడి వదిలేసిన మాటలట. చిన్నప్పుడు, ఈ దేశానికొచ్చిన కొత్తలో, బస్సులో నా నోట అరబ్బీ వస్తే మా అమ్మ అరచేత్తో నోరు మూసేది, ఎవరైనా వింటారని. అరవై దాటాక ఆ మందుల షాపులో నేను ఎవరికీ జంకకుండా గొంతెత్తి అరబ్బీ మాట్లాడేదాన్ని. రనీన్ నన్ను 'ఖాల్తీ' అని పిలిచేది. పిన్నీ అని. మా అమ్మ వైపు చుట్టాల పిల్లలు పిలిచే పిలుపే.

ఆ రోజు ఎల్హనాన్ మందులు సంచీలో వేస్తూ, "పిన్నీ, ఒక మాట. మీ పక్కనున్న ఖాళీ స్థలానికి నేనూ అనాన్ దరఖాస్తు పెట్టాం," అంది. అనాన్ ఆమె మొగుడు, హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. "మా ఊళ్ళో కొత్తిల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం అనుమతులివ్వదు. మా అత్తగారి డాబా మీద రెండు గదుల్లో ఇద్దరు పిల్లలతో ఉంటున్నాం. మీకేమన్నా అభ్యంతరమా?"

"నీ పిల్లలు గట్టిగా అరుస్తారా?"

"అరుస్తారు పిన్నీ."

"అయితే రండి. మా ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళు అరుస్తారు, వాళ్ళకి పోటీ ఉంటుంది."

నవ్వింది గానీ, సంచీ నా చేతికిస్తూ, "మీ కమిటీ ఒప్పుకుంటుందంటారా?" అని నెమ్మదిగా అడిగింది. మా ఊళ్ళో ఎవరు చేరాలన్నా ప్రవేశ కమిటీ సరేననాలి. దాని అధ్యక్షుడు గెర్షోన్. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

కమిటీ ఒప్పుకోలేదు. జవాబులో కారణం ఒక్క ముక్కలో ఉంది: దరఖాస్తుదారులు ఈ ఊరి సామాజిక జీవనంలో ఇమడరు. అనాన్ దాన్ని తెచ్చి చూపిస్తే ఎల్హనాన్ చదివి కళ్ళజోడు తీసేశాడు. అనాన్ వెళ్ళిపోయాక, "ఈ వాక్యం రాసిందెవరో తెలుసా?" అన్నాడు నాతో.

"తెలుసు. ఊరు పెట్టినప్పుడు నియమావళిలో నువ్వే రాశావు. రాసి నాకు చదివి వినిపించావు కూడా."

"అప్పుడు నా ఉద్దేశం వేరే, మర్సెల్. అర్ధరాత్రి డోళ్ళు వాయించేవాళ్ళూ, చెత్త రోడ్డు మీద పోసేవాళ్ళూ రాకుండా..."

"నీ ఉద్దేశం నీ కడుపులో ఉండిపోయింది. కాగితమ్మీదకి ఈ మాట ఒక్కటే వచ్చింది."

అతను ఆ రోజంతా ఇంట్లో గదిలోంచి గదిలోకి తిరిగాడు. కమిటీ కాదన్నదాన్ని ఊరి సభలో మళ్ళీ విచారించమని అడగొచ్చు. అడిగాడు. పందిళ్ళ పండుగ వెళ్ళిన వారంలో సభ పెడతామని సెక్రటరీ షిమ్రీత్ కబురు చేసింది.

ఆ శనివారం గెర్షోన్ వచ్చేసరికే ఎల్హనాన్ కుతకుతలాడుతున్నాడు. గెర్షోన్ ఇంకా కుర్చీలో సర్దుకోకముందే మొదలుపెట్టాడు.

"నువ్వు పిరికివాడివి. నీ పిరికితనానికి భద్రత అని పేరు పెట్టుకుని పక్కవాళ్ళ గొంతు మీద కూర్చున్నావు. నీకు రోజూ మందులిచ్చే మనిషి మొహం చూడలేక కాగితం పంపించావు."

గెర్షోన్ పుస్తకం తెరిచాడు. "నియమం తప్పావు," అన్నాడు.

"నియమం సంగతి తర్వాత. జవాబు చెప్పు."

"ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ నువ్వు నన్ను 'నువ్వు' అని మొదలుపెట్టలేదు." గెర్షోన్ పుస్తకం మూసి, అట్టకి ముద్దు పెట్టి, బల్ల మీద ఉంచి లేచాడు. నేను వంటింట్లోంచి గుడ్ల గిన్నెతో వచ్చేసరికి మెట్లు దిగిపోతున్నాడు. అన్నం తినకుండా వెళ్ళడం అదే మొదలు.

తర్వాతి శనివారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. ఎల్హనాన్ ఒక్కడే వరండాలో కూర్చుని గెర్షోన్ వాదన తనే చెప్పుకుని, తన జవాబు తనే ఇచ్చుకోవాలని చూశాడు. ఈ కుర్చీలోంచి లేచి ఆ కుర్చీలోకి, ఆ కుర్చీలోంచి ఈ కుర్చీలోకి. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. రనీన్‌కి ఇల్లు రావాలని నాకెంతుందో, మా బల్ల దగ్గర ఆ మూడో కుర్చీ నిండాలనీ అంతే ఉంది. ఒకటి దక్కితే రెండోది పోతుందేమోనన్న బెంగ ఆ నెలంతా నన్ను తినేసింది.

ఒక శనివారం పట్టలేక డబ్బాలో కోడీ అన్నం, గుడ్లు, ఊరగాయ పెట్టుకుని గెర్షోన్ ఇంటికి నడిచాను. తలుపు తీశాడు. గడ్డం పెరిగి ఉంది.

"నేను రాను మర్సెల్."

"రమ్మనలేదు. తినమంటున్నాను. అలిగితే నా మొగుడి మీద అలుగు, నా వంట మీద కాదు."

డబ్బా తీసుకున్నాడు. లోపలికి రమ్మనలేదు, అయినా నేను వెళ్ళి కూర్చున్నాను. ఇంట్లో వాళ్ళమ్మ ఫొటో ఉంది, పెళ్ళాం ఫొటో ఉంది, కాఫీ కప్పులు కడగకుండా ఉన్నాయి.

"నీకేమనిపిస్తుంది? వాణ్ణి వదిలెయ్, నీ మాట చెప్పు," అన్నాడు.

"నన్ను ఎవరూ అడగరు, అందుకే నా మాట చిన్నది. మేం బాగ్దాద్‌లో అరబ్బులతో ఒకే వీధిలో బతికాం. ఒకరోజు బతకనివ్వలేదు, వచ్చేశాం. నీ భయం నాకు తెలియనిది కాదు. కానీ ఇక్కడికొచ్చాక మా అమ్మ నా నోరు మూసిందే, ఆ చెయ్యి ఇంకా నా మూతి మీద ఉన్నట్టే ఉంటుంది. రనీన్ షాపులో మాత్రం ఉండదు. ఆ పిల్ల గోడ పక్కన ఉంటే నాకు హాయిగా ఉంటుంది. అంతే."

"హాయి కోసం దేశాన్ని మార్చలేం."

"దేశాన్ని మార్చమనలేదు. పక్క స్థలం అడిగాను," అని లేచి వచ్చేశాను. వచ్చేముందు కప్పులు కడిగాను, కడగనక్కర్లేదని అతను అంటూనే ఉన్నాడు.

పండుగ వచ్చింది. ఆరుబయట పందిరి వేసుకుని, పైన ఆకులు పరిచి, వారం రోజులు అందులోనే భోంచెయ్యాలి. నక్షత్రాలు కనబడాలి, అతిథులు రావాలి. మా పందిరికి ప్రతి ఏడూ నిచ్చెన పట్టుకునేది గెర్షోన్, ఎక్కేది ఎల్హనాన్, ఇద్దర్నీ తిట్టేది నేను. ఆ ఏడు అనాన్ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"ప్రొఫెసర్ గారూ, ఆ కర్ర వాలింది."

"వాలలేదు. అది తాత్కాలికమైన ఇల్లని గుర్తుచెయ్యడానికి అలా ఉండాలి."

"తాత్కాలికమంటే ఇవాళ సాయంత్రం దాకానా?"

నేనూ రనీనూ నవ్వి నవ్వి కూలబడ్డాం. పిల్లలిద్దరూ కాగితాల గొలుసులు కట్టారు. అంతా అయింది గానీ పైన పరవడానికి ఈతాకులు లేవు. ప్రతి ఏడూ గెర్షోనే తన పెరట్లో చెట్టు నుంచి కొట్టి తెచ్చేవాడు. ఆకుల సంగతి మాకెవరికీ తట్టనే లేదు. ఇప్పుడెక్కడ తేవాలా అని చూస్తుంటే గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది. నేను వెళ్ళేసరికి కారు మలుపు తిరిగిపోయింది. గేటుకి ఆనించి పచ్చి ఈతాకుల కట్ట ఉంది. దాని మీద నా అన్నం డబ్బా, కడిగి తుడిచి.

ఎల్హనాన్ ఆ కట్టని చాలాసేపు చూశాడు. "వీడు నన్ను సభలో చీల్చి చెండాడతాడు, పందిరికి ఆకులు మాత్రం తెస్తాడు," అన్నాడు. ఆ రాత్రి రనీన్ కుటుంబం మా పందిట్లో భోంచేసింది. రనీన్ ఎదురు కొండవాలుని చూస్తూ కూర్చుంది. అక్కడ మెట్లుమెట్లుగా ఆలివ్ చెట్లున్నాయి, మా ఊరివాళ్ళందరూ కలిసి కోసేవి. ఆమె వాటి గురించి ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

సభ రోజు హాలు నిండిపోయింది. వెనక వరసలో రనీన్, అనాన్ కూర్చున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగంమంది ఆ వారంలో ఆమె దగ్గర మందులు కొన్నవాళ్ళే, ఎవరూ సూటిగా చూడటం లేదు. ఎల్హనాన్ జేబులో ఉపన్యాసం ఉంది. నాకు ముందే వినిపించాడు. రోమన్ల కాలం నుంచి మొదలై ఎక్కడా తెమలకుండా సాగుతుంది. ఆ ఉపన్యాసంతో ఈ పిల్లకి ఇల్లు రాదని నాకు ఖాయంగా తెలుసు.

"ముందు కమిటీ తరఫున గెర్షోన్ గారు మాట్లాడతారు," అంది షిమ్రీత్.

గెర్షోన్ లేచాడు. గడ్డం గీసుకున్నాడు. చేతిలో కమిటీ కాగితం ఉంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"నేనంటున్నాను, ఈ కుటుంబాన్ని మనం చేర్చుకోవాలి."

హాల్లో గుసగుసలు లేచాయి. ఎవరో, "ఎవరి తరఫునయ్యా?" అన్నారు. షిమ్రీత్ కంగారుగా, "కమిటీ తరఫున కదా సార్?" అంది.

"కమిటీ మాట తర్వాత. ముందు అవతలి మాట. అది చెప్పకుండా నాకు నోరు రాదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు." ఎల్హనాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ హాల్లో ఏం జరుగుతోందో తెలిసింది మా ఇద్దరికే.

"నేనంటున్నాను, ఈ నేల మీద నాకున్న హక్కు నా పక్కవాడికి లేకపోతే అది హక్కు కాదు, పెత్తనం. నేనంటున్నాను, మన రోగాలన్నీ ఈ అమ్మాయికి తెలుసు, ఒకరి సంగతి ఇంకొకరికి ఎప్పుడూ చెప్పలేదు. సామాజిక జీవనంలో ఇమడటమంటే ఇంతకంటే ఏం కావాలి? ఆ మాటకొస్తే నేనే సరిగ్గా ఇమడలేదు, చెత్త ఏ రోజు బయట పెట్టాలో నాకిప్పటికీ తెలియదు."

నవ్వులు వినిపించాయి. గెర్షోన్ మా వైపు చూశాడు. ఎల్హనాన్ తల ఊపాడు. ఔను, ఇది నా మాటే. ఇక గెర్షోన్ తన వాదన ఎత్తుకోవచ్చు. ఎత్తుకోలేదు.

"లేదు, ఇంకా ఉంది," అన్నాడు. "వీడి వాదనకి బలమిచ్చే ముక్క ఒకటుంది. అది వీడికి తెలియదు, నాకు తెలుసు. అది దాచిపెట్టి వాదిస్తే మోసం చేసినట్టు." కాగితం వైపు ఒకసారి చూసుకున్నాడు. "మా అమ్మ నన్ను ఎత్తుకుని ఒక దేశం కాన్సులేటుకి వెళ్ళింది. బల్ల అవతల ఉన్నాయన మర్యాదస్తుడట. కుర్చీ వేశాడట, నాకు బిస్కట్ ఇచ్చాడట. ఇచ్చి, 'అమ్మా, మీరు మంచివాళ్ళే, కానీ మా సమాజంలో మీరు ఇమడరు' అన్నాడట. మా అమ్మ ఆ మాటని పోయేదాకా మర్చిపోలేదు. బిస్కట్ నేను తిన్నానని కూడా మర్చిపోలేదు."



"ఇది అవతలి మాట. ఇప్పుడు కమిటీ మాట," అన్నాడు. కాగితం పైకెత్తాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. నీళ్ళు తాగాడు. "నా మాట..." అన్నాడు. కాగితం మడిచి, "నా మాట ఇంకోసారి చెబుతాను," అని కూర్చున్నాడు.

షిమ్రీత్ ఎల్హనాన్‌ని పిలిచింది. మా ఆయన లేచి జేబు తడుముకుని, "నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు," అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట నేను విన్నది ఆ ఒక్కసారే.

చేతులెత్తమన్నారు. పెద్ద తేడా ఏం లేదు గానీ, రనీన్‌కి ఇల్లు కట్టుకోవడానికి చాలింది. కొందరు మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు, కొట్టతను ఇప్పటికీ నాకు చిల్లర బల్ల మీద పెడతాడు గానీ చేతికివ్వడు. గెర్షోన్ ఏ పక్షానా చెయ్యెత్తలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. రనీన్ వెనక వరసలోంచి లేచి నా దగ్గరికి వచ్చి, "పిన్నీ," అని నా పక్కన కూర్చుంది.

ఆ శనివారం నేను మూడు కంచాలు పెట్టాను. ఎల్హనాన్ చూసి, ఊరగాయ సీసా తెచ్చి మూడో కంచం పక్కన పెట్టాడు. అన్నం వడ్డిస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గెర్షోన్ వచ్చి తన కుర్చీలో కూర్చుని ఊరగాయ సీసా ముందుకు లాక్కున్నాడు.

"నేను మారలేదు, ముందే చెబుతున్నాను," అన్నాడు. "నా వాదన నా దగ్గరే ఉంది."

"ఉంచుకో. అన్నం చల్లారిపోతోంది," అన్నాను.

ఎల్హనాన్ కంచంలోకి చూస్తూ, "ఆ రోజు నియమం తప్పాను," అన్నాడు.

"తప్పావు," అన్నాడు గెర్షోన్. "గుడ్డు ఇటివ్వు."

నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, ఇంకో నాలుగు గుడ్లు పట్టుకొచ్చాను.

తొలి వాన పడ్డాక ఆలివ్ కోతలు మొదలయ్యాయి. ఒక శనివారం రనీన్, అనాన్ స్థలంలో ముగ్గు పోయించే సంగతి మాట్లాడుకుని, కాళ్ళకి మట్టితో మా వరండా ఎక్కారు. ముసలాళ్ళిద్దరూ ఏదో వాక్యం మీద తగువులో ఉన్నారు. గాలి చల్లగా ఉంది, వాలు మీద చెట్ల కింద మా ఊరివాళ్ళు పరిచిన పట్టాలు తడిగా మెరుస్తున్నాయి. నేను టీ పోశాను. ఆ ఏడు నా మనసు అంత నిండుగా ఎప్పుడూ లేదు.

"ప్రొఫెసర్ గారూ," అంది రనీన్ గెర్షోన్‌తో. "మీ మాట ఇంకోసారి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు."

"నీకెందుకమ్మా? ఇల్లు వచ్చిందిగా."

"వచ్చింది. కానీ ఆ రోజు మీరు చెప్పింది ఎల్హనాన్ గారి వాదన. ఈయన మంచివాడే, కానీ అది ఈయన వాదన. మాది ఎవరూ చెప్పలేదు. మీ మాట చెప్పాలంటే ముందు మా మాట చెప్పాలిగా, మీ నియమం ప్రకారం."

ఎల్హనాన్ గెర్షోన్ వైపు చూసి, "దొరికిపోయావురా," అన్నాడు. గెర్షోన్ పుస్తకం మూశాడు. గడ్డం గోక్కుంటూ ఎదుటి వాలుకేసి చూశాడు. నేను అతన్ని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, మాట కోసం అంతసేపు వెతుక్కోవడం ఎప్పుడూ చూడలేదు.

"నేను ఐన్ తూత్‌లో పుట్టాను," అన్నాడు చివరికి. "ఆ మెట్ల మీది చెట్లు మా తాత నాటినవి."

"మా తాత కాదు. ఆయన నాన్న," అంది రనీన్.

"మా ముత్తాత నాటినవి," అని దిద్దుకున్నాడు గెర్షోన్. "ఒకరోజు వాటి చుట్టూ కంచె వేశారు. వేసినవాళ్ళలో ఒక లా ప్రొఫెసర్ ఉన్నాడు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. నేను వాడికి మందులిస్తాను. వాడు ఇవతలికి వచ్చి డబ్బిచ్చి వెళతాడు, నేను వాడి ఊళ్ళో ఉండాలంటే మాత్రం కాగితం పెట్టుకోవాలి. నేనంటున్నాను, నాకు వాడి ఇల్లు అక్కర్లేదు. నా ముత్తాత పేరు వాడు సరిగ్గా తెలుసుకోవాలి, నా పిల్లలు వాడి పిల్లలంత నిర్భయంగా తలుపు తీసుకుని బయటికి రావాలి." ఆగాడు. "ముత్తాత పేరు నాకు తెలియదు."

"యూనిస్," అంది రనీన్.

"యూనిస్," అన్నాడు గెర్షోన్.

ఆమె వాలు మీది చెట్లకేసి ఓసారి చూసింది. తర్వాత తల ఊపింది. ఎల్హనాన్ ఊపిరి వదిలి, "ఇక నీ వాదన చెప్పు," అన్నాడు గెర్షోన్‌తో.

"ఆగండి," అంది రనీన్. "నాకూ మాటలున్నాయి. నావి చెప్పేముందు ఈయనవి నేను చెప్పాలి కదా." టీ కప్పు కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గెర్షోన్ వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

"నేను శిబిరంలో పుట్టాను," అని మొదలుపెట్టింది.

అవతలివాళ్ళు పూర్తిగా చెప్పేదాకా తల ఊపకూడదన్నది వాళ్ళ నియమం. ఆమె రెండో వాక్యం ఎత్తుకోకముందే గెర్షోన్ తల ఊపేశాడు.